తొమ్మిదేళ్ళకే కరెంటు బిల్లు

అమెరికాలో, క్లీవ్‌ల్యాండ్ తూర్పు పేటలోని ముసలాళ్ళ ఆశ్రమంలో కియోనా అంటే తెలియనివాళ్ళు లేరు. తొంభై కిలోల మనిషినైనా మంచం మీంచి కుర్చీలోకి ఒక్కతే దించుతుంది. ఇరవై నాలుగేళ్ళు. దేనికీ జడిసే రకం కాదు. అలాంటిది ఈ మూడు వారాలుగా, ఎవరైనా కాగితం పట్టుకుని ఎదురుగా కూర్చుంటే చాలు, ఆమె అరచేతులు తడిసిపోతున్నాయి.

ఉంటున్న ఇల్లు అమ్ముడైపోయింది. శుక్రవారం తాళంచెవి ఇచ్చేయాలి. ఆ తర్వాత తనకీ, అమ్మ లొరైన్‌కీ, ఐదేళ్ళ కూతురు నైలాకీ కారే ఇల్లు. పిల్ల కారులో పడుకుంటోందని బడిలో తెలిసిందా, పిల్లల సంరక్షణ ఆఫీసువాళ్ళొచ్చి తీసుకుపోతారు. పక్క వీధి టెరెన్స్ పిల్లలిద్దరినీ అలాగే తీసుకుపోయారు. వాళ్ళ దుప్పట్లు ఇంకా టెరెన్స్ కారు వెనక సీట్లోనే ఉన్నాయి.

నాలుగిళ్ళు చూసింది. నాలుగు చోట్లా దరఖాస్తు డబ్బులు పుచ్చుకుని, క్రెడిట్ రిపోర్టు తీసి, మొహం మార్చేశారు. ఎవరికెంత ఎగ్గొట్టావో మొత్తం రాసుండే కాగితం అది. మనిషిని చూడరు, దాన్నే చూస్తారు. మూడో ఇంటాయన నకలు చేతికిచ్చాక గానీ కియోనాకి సంగతి అర్థం కాలేదు. కరెంటు బాకీ, ఫోను బాకీ, అన్నీ తన పేరు మీదే. మొదటిది మొదలైనప్పుడు తనకి తొమ్మిదేళ్ళు.

ఆ పేటలో ఇది కొత్తేం కాదు. పెద్దవాళ్ళ పేరు చెడిపోతే పిల్లల పేరూ, పుట్టగానే సర్కారు వాళ్ళకిచ్చే సోషల్ నంబరూ ఇచ్చి కరెంటు తెప్పించుకుంటారు. పిల్లలు పెద్దయ్యేలోగా తీర్చేద్దామనుకుంటారు. తీర్చరు.

ఐదో ఇల్లు టోలివర్ అనే పెద్దావిడది. కింద తనుంటుంది, పై వాటా అద్దెకిస్తుంది. పొయ్యి మీద టర్కీ కోడి ముక్కతో ఆకుకూర ఉడుకుతోంది. ఆవిడ కళ్ళజోడు ముక్కు మీదికి దించి రిపోర్టు చదివింది.

“ఏమ్మాయ్, తొమ్మిదేళ్ళకి అంత కరెంటుతో ఏం చేశావే? ఫ్యాక్టరీ పెట్టావా?”

కియోనాకి నవ్వు రాలేదు.

“పోలీసు కంప్లయింటు ఇచ్చెయ్. ఇవన్నీ కొట్టేస్తారు. ఎవరు చేశారో తెలుసా?”

తెలుసు. ఆ కంప్లయింటు ఫారం పది రోజులుగా సంచిలోనే ఉంది. పేరు రాయాల్సిన గడి దగ్గర మూడుసార్లు పెన్ను ఆగిపోయింది. రాస్తే అమ్మ చేతికి బేడీలు. రాయకపోతే నైలా.

“బయట కారులో కూర్చునుందండీ.” ఆ మాట ఆమెకే సరిగ్గా వినపడలేదు.

టోలివర్ కర్టెన్ జరిపి చూసింది. కారులో లొరైన్ మనవరాలికి జడలు అల్లుతోంది.

“మా అమ్మ మా తమ్ముడి పేరు మీద ఫోను పెట్టించింది. వాడికి నాలుగేళ్ళు. బాకీలవాళ్ళు ఫోన్ చేస్తే వాడే ఎత్తి, ‘నేనేనండీ, జీతం రాగానే కడతా’ అనేవాడు.” ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వి, ఠక్కున ఆగింది. “నలభై ఏళ్ళొచ్చినా వాడికి ఎవడూ ఇల్లివ్వలేదు. నా సోఫా మీదే పోయాడు.”

కియోనా కిటికీలోంచి నైలా వైపు చూసింది.

“చూడు. మీ ఆశ్రమంలో అడిగా. రెండేళ్ళలో ఒక్కరోజు మానలేదట నువ్వు. ఇల్లిస్తా. కరెంటూ గ్యాసూ నా పేరు మీదే ఉంటాయి, అద్దెలో కలిపి తీసుకుంటా. కానీ ఆ పిల్ల పేరు మీద అగ్గిపెట్టె కొన్నా సరే, ముగ్గురూ మెట్లు దిగాల్సిందే. వెళ్ళి మీ అమ్మని పిలుచుకురా, సంతకం కావాలి.”

లొరైన్ నైలా చెయ్యి పట్టుకుని వచ్చింది. “ఎంత బాగుందండీ మీ ఇల్లు! ఆ కూర వాసనకి వీధిలోనే ఆకలేసింది.”

“పొగిడితే అద్దె తగ్గదు. కూర్చో,” అంది టోలివర్.

అద్దె ఫారంలో ఇంట్లో ఉండే ప్రతి మనిషి పేరూ, పుట్టినరోజూ, సోషల్ నంబరూ రాయాలి. కియోనా తనవీ అమ్మవీ రాసింది. మూడో వరసలో పెన్ను ఆగింది.

“పిల్ల నంబరు నాకు నోటికి రాదండీ. కార్డు ఇంట్లో ఉంది, రేపు తెచ్చి...”

“కార్డెందుకే తల్లీ?” అంటూ లొరైన్ గడగడా చెప్పేసింది. తొమ్మిది అంకెలు. ఎక్కడా తడుముకోలేదు. ఆ వేగానికి కియోనా రాసేసింది, రాశాకే తల ఎత్తింది.

కన్నతల్లికి రాని నంబరు.

కియోనాకి జనవరి గుర్తొచ్చింది. బిల్లు కట్టలేదని, ఇల్లు వెచ్చబెట్టే గ్యాసు ఆపేశారు. గిన్నెలో నీళ్ళు గడ్డకట్టాయి. మూడో రోజు డ్యూటీ నుంచి వచ్చేసరికి ఇల్లు వెచ్చగా ఉంది. ‘మాట్లాడాన్లే, సర్దుకున్నారు’ అంది అమ్మ. ఏం మాట్లాడావని తను అడగలేదు. ఇల్లు వెచ్చబడ్డాక ఎవరడుగుతారు?

“అమ్మా, జనవరిలో గ్యాసు ఎవరి పేరు మీద వచ్చింది?”

లొరైన్ మనవరాలి జడ కొసని వేలికి చుట్టుకుంది, విప్పింది. “దాని పెదాలు నీలంగా అయిపోయాయే. నన్నేం చెయ్యమంటావ్?”

టోలివర్ ఫారం వైపు చెయ్యి చాచింది. కియోనా బల్ల అంచు గట్టిగా పట్టుకుంది. చింపేస్తుంది. అయిపోయింది. శుక్రవారం, కారు, వెనక సీట్లో దుప్పట్లు.

టోలివర్ పెన్ను తీసుకుని, నైలా వరసలో పడ్డ అంకెలన్నీ కాగితం చిరిగేంత గట్టిగా కొట్టేసింది.

“శుక్రవారం పదింటికి రండి. సోమవారం గ్యాసాఫీసుకెళ్ళి పిల్ల పేరు తీయించు. మీ అమ్మని పంపకు, నువ్వెళ్ళు. తీసేసినట్టు కాగితం నాకు చూపించలేదో, మెట్లు ఎక్కడున్నాయో నీకు తెలుసు.”

ఇంటికెళ్ళగానే కియోనా డబ్బాలోంచి నైలా కార్డు తీసి, యూనిఫాం లోపలి జేబులో పెట్టి పిన్నీసు గుచ్చింది. గుచ్చాక, అంకెలు అమ్మ నోట్లోనే ఉన్నాయిగా, కార్డు దాచి లాభం లేదని తెలిసింది. పక్కగదిలో లొరైన్ గిన్నెలు సర్దుతూ మనవరాలికి అంకెలు నేర్పిస్తోంది. కియోనా ఊపిరి బిగబట్టి విన్నది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. మామూలు అంకెలే.

అయినా వెళ్ళి పిల్లని ఎత్తుకొచ్చేసింది.