మెల్లగా మేస్త్రి సున్నితమైన చెవులు

మేస్త్రికి చప్పుడంటే గిట్టదు. ఈ ఒక్క ముక్క చెబితే మనిషిని మొత్తం చెప్పినట్టే. ఎవరైనా ఎదురుపడితే లోకమంతా "బాగున్నారా" అంటుంది. ఆయన మాత్రం "మెల్లగా" అనేవాడు. అవతలివాడు ఇంకా నోరు తెరవకపోయినా సరే, ముందు జాగ్రత్తగా అనేవాడు. అందుకే వీధి వీధంతా ఆయన్ని మెల్లగా మేస్త్రి అనేది. ఆ పేరు ఆయన దాకా వెళ్ళిందో లేదో ఎవరికీ తెలియదు. వెనక నుంచి ఎన్నిసార్లు పిలిచినా ఆయన తిరిగి చూసేవాడు కాదు.

"ఎందుకయ్యా ఇంత చాదస్తం?" అని అడిగితే జవాబు ఒక్కటే. "నా చెవులు సున్నితమండి." అదీ గుసగుసగానే.

అంత సున్నితమైన చెవులకి దొరికిన ఉద్యోగమేమో మర మగ్గాల షెడ్డులో. నూట ఇరవై మగ్గాలు మూడు షిఫ్టులూ ఆగకుండా కొట్టుకునే చోట నట్లూ బోల్టులూ బిగించే పని ఆయనది. అక్కడ పక్కవాడి చెవిలో నోరు పెట్టి అరిచినా వినపడదు. కాబట్టి పనివాళ్ళంతా గొంతు వాడటం మానేసి పెదాలతోనే మాట్లాడుకునేవాళ్ళు. ఎదుటివాడి నోటివంక చూస్తే చాలు, మేనేజరు కోపం దగ్గర్నుంచి పిల్లల జలుబు దాకా అన్నీ తెలిసిపోయేవి. ఇంటికి వచ్చినా ఆ అలవాటు పోలేదు. భార్య మాట్లాడుతుంటే మేస్త్రి ఆవిడ నోటివంకే కన్నార్పకుండా చూసేవాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళకి కూడా ఈ మురిపెం ఏమిటని పక్కింటావిడ బుగ్గలు నొక్కుకుంది.

మురిపెమో ముదనష్టమో ఆ భార్యకే తెలియాలి.

కంపెనీ ఇచ్చిన ఇల్లు ఒకటే గది. షెడ్డు గోడే వాళ్ళ మంచం పక్క గోడ. ఆరేళ్ళ కిందట మేస్త్రి ఆ గది నోరు మూయించాలని కంకణం కట్టుకున్నాడు. కుర్చీల కాళ్ళకి పాత మేజోళ్ళు తొడిగాడు. అవి షికారుకి ముస్తాబైనట్టు నిలబడి ఉండేవి. తలుపు అంచుకి తోలు పట్టీ కొట్టాడు. గిన్నెల కింద గుడ్డ, గుడ్డ కింద రబ్బరు. ఇక గోడ సంగతి సరేసరి. షెడ్డులో పనికిరాదని పారేసిన ముతక గుడ్డని ఏటా ఒక పొర తెచ్చి దానికి కొట్టేవాడు. గది ఏడాదికి బెత్తెడు చొప్పున చిక్కిపోయేది. ఆవిడ నడుము ఏడాదికి బెత్తెడు చొప్పున పెరిగేది.

"ఇలాగే సాగితే ఇంకో నాలుగేళ్ళలో నేనూ గోడా కలుసుకుంటాం," అంది ఆవిడ. నవ్వడానికి అన్న మాట కాదది.

ఆరేళ్ళ కిందటే ఆవిడకి షుగరని తేలింది. తీపి మానింది. పొద్దున నడిచింది, సాయంత్రం నడిచింది. ఆకులూ అలములూ తిని మేక బతుకు బతికింది. ఒక మాత్ర నాలుగు మాత్రలయ్యాయి. అయినా పరీక్ష చేసిన ప్రతిసారీ అంకె పైకే. మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టు బీపీ ఒకటి. ఇప్పుడు కళ్ళ మీదికి వచ్చింది. ఆవిడ పని షెడ్డు పక్క గదిలో. మగ్గానికెక్కే వేల పోగులను ఒక్కొక్కటిగా సూది బెజ్జమంత సందులోంచి లాగాలి. ఆ పోగులు ఈమధ్య రెండేసిగా కనిపిస్తున్నాయి. కళ్ళ డాక్టరు ఉన్నమాట చెప్పేశాడు. షుగరు దిగకపోతే చూపు నిలవదు. చూపు పోతే ఆవిడ చేతులకి వచ్చిన ఒకే ఒక్క విద్య పోయినట్టే.

ఆవిడకి ఆశ చచ్చిపోయింది. ఏడవడానికి కూడా ఓపిక లేదు. అలాంటి ఇంట్లో కుర్చీలకి మేజోళ్ళు తొడిగే మొగుడు.

"ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే చుట్టకి నిప్పు అడిగినట్టుంది మీ వరస," అని ఆయన వెనకాల సణిగేది. ఆయన ఉలికేవాడు కాదు, పలికేవాడు కాదు. "చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే," అని ఆ గుడ్డల గోడకి చెప్పుకునేది.

పైగదిలో ఒక దర్జీ ఉండేవాడు. పొద్దస్తమానం కుట్టుమిషను తొక్కేవాడు. ఒకనాడు మేస్త్రి మడతపెట్టిన కంబళి చంకన పెట్టుకుని మెట్లెక్కాడు.

"మిషను కాస్త ఎత్తండి."

"ఎందుకు?"

"కింద ఇది పరవాలి. నా చెవులు సున్నితం."

"మిషనుకి కంబళా? కప్పుకోడానికి నాకే లేదు మేస్త్రిగారూ."

మర్నాడు మేస్త్రి రెండో కంబళి తెచ్చి దర్జీకి ఇచ్చాడు. ఇంట్లో ఉన్నవే రెండు. ఆ చలికాలమంతా మొగుడూ పెళ్ళాం పాత కోట్లు కప్పుకుని పడుకున్నారు. "పోనీలెండి, మిషనన్నా వెచ్చగా ఉంది," అంది ఆవిడ.

మంచం పక్కన బల్ల మీద ఎప్పుడూ ఒక గాజు గ్లాసు నిండా నీళ్ళుండేవి. మేస్త్రి రోజుకి పదిసార్లు వంగి ఆ నీళ్ళవంక చూసేవాడు. తర్వాత గోడకి అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకునేవాడు. ఒకసారి ఆవిడ దాహమేసి ఆ నీళ్ళు తాగేసింది.

"అయ్యో, తాగేశావా?"

"నీళ్ళే కదండీ."

"నీళ్ళు కాదు, కొలత."

షుగరు తనకి, పిచ్చి ఆయనకి, కాపురం సమానంగానే పంచుకున్నామని ఆవిడ అనుకుంది.

ఆ నీళ్ళని అన్నిటికన్నా ఎక్కువ వణికించేది షెడ్డులోంచి వేడిగాలి బయటికి తోసే పెద్ద ఫ్యాను. సరిగ్గా వాళ్ళ తలగడ వైపు, గోడకి అవతల బిగించి ఉంది. దాన్ని జరపమని మేస్త్రి మేనేజరుకి ఏడు అర్జీలు పెట్టాడు. ఏడోదానికి మేనేజరు షెడ్డులోకే వచ్చి, ఎదురుగా నిలబడి, పెదాలు విరిచి విరిచి అడిగాడు.

"నూట ఇరవై మగ్గాల మధ్య నిలబడేవాడివి, నీకు ఫ్యాను చప్పుడు అడ్డమొచ్చిందా?"

"నా చెవులు సున్నితమండి."

షెడ్డు షెడ్డంతా పొట్ట పట్టుకుని నవ్వింది. ఎవరి నవ్వూ ఎవరికీ వినపడలేదు. "కావలిస్తే నీ సెలవు రోజున, నీ రబ్బరుతో, నువ్వే చేసుకో," అని మేనేజరు వెళ్ళిపోయాడు. మేస్త్రి నాలుగు సెలవు రోజులు ఆ ఫ్యాను దగ్గరే గడిపాడు. విప్పాడు, రెక్కల తూకం సరిచేశాడు, కింద మందపాటి రబ్బరు దిమ్మలు వేశాడు, మళ్ళీ బిగించి బోల్టు బోల్టు మీదా అరచెయ్యి పెట్టి చూసుకున్నాడు. ఇంటికి వచ్చి, పరీక్ష పాసైన పిల్లాడిలా భార్యని పిలిచి గ్లాసు చూపించాడు. నీళ్ళు దాదాపు కదలడం లేదు.

"బాగుంది. ఇక మీ చెవులకి సుఖం," అని ఆవిడ అటు తిరిగి పడుకుంది.

మూడు నెలలకి రక్తపరీక్ష కాగితం డాక్టరమ్మ చేతికి వచ్చింది. మేస్త్రి భార్య తల వంచుకుని కూర్చుంది. ఏం వినబోతుందో తెలుసు.

"అర తగ్గింది," అంది డాక్టరమ్మ.

"తగ్గిందా?"

"మూడు నెలల సగటు షుగరు, తొమ్మిదిన్నర నుంచి తొమ్మిదికి. సంబరపడేటంత కాదు, ఏడుకి రావాలి. కానీ ఆరేళ్ళలో దిగడం ఇదే మొదటిసారి. ఏం మార్చారు?"

"నేనేం మార్చలేదమ్మా. మా ఆయనే తలవైపున్న షెడ్డు ఫ్యాను కింద రబ్బరు పెట్టాడు."

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. "మీ మంచం షెడ్డు గోడకి ఆని ఉందా? ఇన్నేళ్ళూ చెప్పలేదేం?"

"అలవాటైపోయిందమ్మా. ఆ చప్పుడు వినపడను కూడా వినపడదు."

"మీకు అలవాటైంది, మీ ఒంటికి అవలేదు. చప్పుడు ఆగకపోతే నిద్రలో కూడా ఒళ్ళు ఏదో ఆపద వచ్చిందనే అనుకుంటుంది. పారిపోవడానికి బలం కావాలని రక్తంలోకి చక్కెర వదులుతుంది. మీరేమో మంచం మీదే ఉంటారు. ఆ చక్కెర ఏమవుతుంది? పైగా నిద్ర చెడితే ఆకలి పెరుగుతుంది, నడుము పెరుగుతుంది, బీపీ పెరుగుతుంది. అంతా చప్పుడు వల్లే అనను. దాని చెయ్యి కూడా ఉండొచ్చు. ఫ్యాను వల్లే తగ్గిందని రాసి ఇవ్వలేను. మీ ఆయన్ని మాత్రం ఆపకండి."

ఆ వారంలోనే కార్మికుల చెవులు పరీక్షించే బండి షెడ్డుకి వచ్చింది. ఇంటి నంబరు ఒకటే కావడంతో పరీక్షించే అతను ఇద్దరి కార్డులూ ఆవిడ చేతిలోనే పెట్టాడు.

"మీవి ఫరవాలేదమ్మా. మేస్త్రిగారివి షరా మామూలే."

"మామూలేమిటి? మా ఆయన చెవులు మరీ సున్నితమండి."

అతను ఆవిడవంక వింతగా చూశాడు. "రెండు చెవులూ పోయి ఆరేళ్ళయింది కదమ్మా. పక్కన పిడుగు పడితే వినపడుతుందేమో. మీకు చెప్పలేదా?"

ఆవిడ మేస్త్రి కార్డు మళ్ళీ తిప్పి చూసింది.

"నాకు బాగా గుర్తు. చెవులు పోయాయంటే ఎవరైనా డీలా పడిపోతారు. ఈయన మాత్రం, నా సంగతి సరే, మా ఆవిడకి నిన్ననే షుగరని చెప్పారు, మంచం పక్కనే మగ్గాలు, ఈ మోత ఆవిడనేమైనా చేస్తుందా అని అడిగాడు. చప్పుడు తగ్గితే నిద్ర పడుతుంది, షుగరుక్కూడా మేలంటున్నారు అని నేనేదో మాటవరసకి అన్నాను."

మాటవరసకి అన్న మాట. దాని మీద ఆరు పొరల గుడ్డ, రెండు కంబళ్ళు, ఏడు అర్జీలు, షెడ్డంతా నవ్విన నవ్వు. ఆవిడ ఇంటికి ఎలా నడిచిందో ఆవిడకే తెలియదు.

గదిలో మేస్త్రి అటు తిరిగి గ్లాసు మీదికి వంగి ఉన్నాడు.

"ఏమండీ," అంది గుమ్మంలోంచి. తిరగలేదు.

"మొద్దావతారం." తిరగలేదు.

"ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే..." అని మొదలుపెట్టి ఆపేసింది. ఆరేళ్ళుగా తను సణిగిందంతా గోడకి కొట్టిన గుడ్డే తాగేసిందన్నమాట. ఒక్క తిట్టూ చేరవలసిన చోటికి చేరలేదు. ఆవిడకి ఏడుపొచ్చింది, ఆ ఏడుపులోనే ఒళ్ళు మండింది.

భుజం పట్టి ఆయన్ని ఇటు తిప్పింది. షెడ్డులో మాదిరి, గొంతు లేకుండా పెదాలతోనే అడిగింది. "సున్నితమైన చెవులా?"

మేస్త్రి ఆవిడ చేతిలోని కార్డులు చూశాడు. తర్వాత కుర్చీల మేజోళ్ళవంక చూపు తిప్పుకున్నాడు.

ఆవిడ గడ్డం పట్టుకుని ముఖం తనవైపు తిప్పుకుంది. "నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే నా చెవుల కోసం బెంగ పెట్టుకుంటావు. బెంగకి కూడా షుగరు పెరుగుతుందట."

"పోనీ వాళ్ళందరికీ నా కోసమని చెప్పొచ్చు కదా."

"నీ జబ్బు పేరు చెప్పుకుని ఇంటింటికీ తిరగనా? నాకు పిచ్చి అనుకుంటే సరిపోయేది."

అంకె ఇంకా తొమ్మిది. పోగులు ఇంకా రెండేసి. కళ్ళ నీళ్ళలో మేస్త్రి కూడా ఇద్దరుగా కనిపించాడు. ఆవిడ ఆ ఇద్దర్నీ మంచం మీద కూర్చోబెట్టి, ఆరేళ్ళ తిట్లూ మొదటి నుంచి ఒక్కటీ వదలకుండా, పెదాలతో వరసగా తిట్టింది. మేస్త్రి బుద్ధిగా చూస్తూ కూర్చున్నాడు.

"ఆగు, ఆ మూడోది అందలేదు. మళ్ళీ చెప్పు."

మళ్ళీ చెప్పింది. మేస్త్రి నవ్వాడు. ఎంత పెద్దగా నవ్వుతున్నాడో తనకే తెలియని మనిషి నవ్వు అది. గ్లాసులో నీళ్ళు వణికాయి. పైనుంచి దర్జీ కాలితో నేల మీద తట్టాడు.

"మేస్త్రిగారూ, మెల్లగా."

ఆయనకి వినపడలేదు. ఆవిడ ఆయన నోటికి అరచెయ్యి అడ్డం పెట్టి, పెదాలతో ఆ మాట ఆయనకి అందించింది.