ఇన్సొలెంట్ అంటే మంచి మాటేననుకున్నాను

మొన్న మనవరాలి స్కూలు డైరీలో టీచరుగారు రాసిన ఒక్క ముక్క చూసి ఇంట్లో అందరూ నవ్వుకుంటుంటే, నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ ముక్క ‘ఇన్సొలెంట్’.

మన ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో టైపు పాసైతే ఇంగ్లీషు వచ్చినట్టే లెక్క. నేత పనివారింట్లో పుట్టిన నేను అలాగే లోయరూ హయ్యరూ పాసై, గవర్నర్‌పేటలో ఒక బట్టల హోల్‌సేల్ వ్యాపారి ఆఫీసులో చేరాను. టైపులో అక్షరం తప్పు పోయేది కాదు, అర్థం మాత్రం సగం తెలిసేది కాదు. అక్కడి అటెండరు ఒక ముస్లిం పెద్దాయన, మా నాన్నకన్నా పెద్దవారు. బాబాయిగారూ అని పిలిచేదాన్ని.

ఒక శుక్రవారం మేనేజరుగారు కాఫీ తెమ్మంటే, నమాజుకు వేళైందనీ, రాగానే తెస్తాననీ మెల్లగా చెప్పి వెళ్ళారాయన. అంతే జరిగింది. సాయంత్రం, ఆయన ప్రవర్తన ఇన్సొలెంట్‌గా ఉన్నట్టు రికార్డు చేస్తున్నామనీ, ఒప్పుకుంటూ సంతకం పెట్టాలనీ రెండు వాక్యాల మెమో నాచేతే టైపు చేయించి, నాచేతే పంపారు.

"ఏం రాశారమ్మా?" అన్నారు ఇంగ్లీషు రాని బాబాయిగారు.

ఆ మాట నాకూ కొత్తే. తెలియదనడానికి సిగ్గేసి, సైలెంట్ లాంటిదే అయ్యుంటుందనుకుని, "మీరు నెమ్మదస్తులని రాశారు బాబాయిగారూ" అనేశాను.

"ఇన్నేళ్ళకి గుర్తించారమ్మా!" అంటూ మురిసిపోయి సంతకం పెట్టారు.

ఎందుకో మనసొప్పక, మర్నాడు ఆఫీసు డిక్షనరీ తీశాను. పొగరుబోతు, పెద్దంతరం చిన్నంతరం లేనివాడు. కింద చిన్న అక్షరాల్లో, లాటిన్‌లో ఆ మాటకు మొదటి అర్థం ‘అలవాటు లేనిది’ అని ఉంది. నిజమే, అటెండరు నోట ‘తర్వాత తెస్తాను’ అన్న మాట వినడం మా మేనేజరుగారికి అలవాటు లేదు.

పరుగున మేనేజరుగారి దగ్గరికి వెళ్ళి, తప్పు చెప్పింది నేనేనండీ అని బతిమాలాను. ఆయన తలెత్తకుండానే, "సంతకం సంతకమేనమ్మా" అన్నారు. ఆ సంతకాన్నే చూపించి నెల తిరక్కుండా బాబాయిగారిని మానిపించేశారు.

ఏడుస్తూ నిజం చెప్పినప్పుడు ఆయన నన్నొక్క మాట అనలేదు. సంచి సర్దుకుంటూ, "మేనేజరుగారు మెచ్చుకున్నారని ఇంట్లో అందరికీ చెప్పేశానే తల్లీ" అన్నారు.

ఇప్పుడు ఏ మాటకైనా అర్థం ఫోనులో రెప్పపాటులో దొరుకుతోంది, మన పిల్లలు ఎవరినీ అడగక్కర్లేదు. మంచిదే. కానీ పక్కనున్న పిల్ల ముఖంలోకి చూసి, అది చెప్పిందే అర్థమని నమ్మి సంతకం పెట్టేసే మనిషి ఇప్పుడు ఏ ఆఫీసులోనూ నాకు కనిపించడు.