పడుకుని చూస్తే రంగు మారని తెర

మా తమ్ముడు పడింది పెద్ద ఎత్తు నుంచేం కాదు. ఒక ఫంక్షన్ హాలు పిట్టగోడ మీద నుంచి. పెళ్లికొడుకు గుర్రం మీద వస్తున్నాడు. ముందు బ్యాండు, వెనక గల్లీ నిండా జనం. అంతా ఒకే ఫొటోలో పట్టాలని తమ్ముడు గోడ ఎక్కాడు. పై వరస ఇటుకలు కదిలాయి. కెమెరాను గుండెలకు హత్తుకుని వెల్లకిలా పడ్డాడట. కెమెరాకు గీత కూడా పడలేదు. వాడి నడుము కింద మాత్రం ఆ రోజు తర్వాత ఏదీ కదల్లేదు.

చార్మినార్‌కు కొంచెం దూరంలో, ఆటో కూడా దూరని గల్లీలో మా ఇల్లు. బాపుది పాల వ్యాపారం. ఇంటి వెనక కొట్టంలో బర్రెలు, ముందు రెండు గదుల్లో మేం ముగ్గురం. నేను హైస్కూల్లో ఉన్నప్పుడే అమ్మ పోయింది. నాకింకా పెళ్లి కాలేదు. సంతోష్‌నగర్‌లో ఒక ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెప్పేదాన్ని. తమ్ముడు ఇంటర్ మధ్యలో వదిలేసి చార్మినార్ దగ్గర ఒక ఫొటో స్టూడియోలో చేరాడు. ఆ స్టూడియో యజమానిని అందరూ భాయ్ అనే పిలిచేవాళ్లు. వాడు ఆయన దగ్గరే రీలు కడగడం నేర్చుకున్నాడు. తర్వాత డిజిటల్ కెమెరాలు వచ్చాక, స్టూడియోలో అందరికంటే ముందు వాడే కంప్యూటర్ మీద ఫొటోలు దిద్దడం పట్టుకున్నాడు.

పడేనాటికి వాడికి పెళ్లి ఖాయమైంది. పిల్లది గుడిమల్కాపూర్. వాళ్ల నాన్నకు అక్కడి మార్కెట్లో పూల దుకాణం. నేను ఒక్కసారే చూశాను ఆ అమ్మాయిని. చామనఛాయ, పెద్ద కళ్లు, మాట్లాడితే కిందకు చూసేది. తమ్ముడు ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన వారానికి వాళ్ల నాన్న వచ్చాడు. మంచం దగ్గరకు రాలేక గడప దగ్గరే నిలబడిపోయాడు. కండువా నోటికి అడ్డం పెట్టుకున్నాడు కానీ ఏడుపు ఆగలేదు. తమ్ముడే పిలిచాడు.

"మామా, లోపలికి రా. గట్ల నిలబడ్తవేంది?"

ఆయన వచ్చి మంచం కోడు పట్టుకుని కూర్చున్నాడు.

"పిల్లకు మంచి సంబంధం చూడు మామా. నా గురించి ఫికర్ పెట్టుకోకు. నేనేం అనుకోను."

బాపు కొట్టంలోకి వెళ్లిపోయాడు. నేను టీ పెట్టాను గానీ ఎవరూ తాగలేదు.

ఆ తర్వాత కొన్నాళ్లు తమ్ముడు ముఖం గోడవైపు తిప్పుకుని పడుకునేవాడు. ఒళ్లు తిప్పాల్సింది మేమే. రెండు మూడు గంటలకోసారి పక్క మార్చకపోతే ఒళ్లు పుండ్లు పడుతుందని డాక్టర్ చెప్పాడు. పగలు బాపు, స్కూలు నుంచి వచ్చాక నేను తిప్పేవాళ్లం. మేం ఎటు తిప్పితే అటు ఉండేవాడు.

ఒక శుక్రవారం నమాజు అయ్యాక భాయ్ వచ్చాడు. తెల్ల కుర్తా మీద అత్తరు వాసన. వాడి తల మీద చెయ్యి పెట్టి, "నీ చేతులు సలామత్ ఉన్నయి బేటా, కళ్లు సలామత్ ఉన్నయి. పని నేను పంపుత. ఆల్బమ్‌లు ఇంట్లనే చెయ్యి," అన్నాడు. చెప్పినట్టే మర్నాడు స్టూడియోలో పాత కంప్యూటర్ ఒకటి రిక్షాలో వచ్చింది. వాణ్ని కుర్చీలో కూర్చోబెట్టి బెల్టు కట్టాం. వాడి ముఖంలో అన్ని నెలల తర్వాత వెలుగు చూశాను. కానీ కింద స్పర్శ లేదు కదా, కూర్చున్నచోట చర్మం నలిగిపోతున్నా వాడికి తెలియలేదు. నెల తిరక్కుండా పుండు పడి మళ్లీ ఆస్పత్రి పాలయ్యాడు. ఇక కూర్చోవద్దన్నారు. బోర్లా పడుకుంటే మంచిదన్నారు.

"అయితే ల్యాప్‌టాప్ కావాలె అక్కా," అన్నాడు వాడు. "మంచం మీద ముంగట పెట్టుకుంట. గదుమ కింద దిండు పెట్టుకుంటె చాలు."

ముందు చూద్దామని వాడి దోస్తు ఒకడు తన ఆఫీసు ల్యాప్‌టాప్ నాలుగు రోజులు ఇచ్చాడు. వాడు దాని మీద ఒక పెళ్లి ఆల్బమ్ చేసి పంపాడు. ప్రింట్లు చూసి భాయ్ స్వయంగా పట్టుకొచ్చాడు. మంచం మీద పరిచాడు. అందరి ముఖాలూ పిండి రాసినట్టు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. పెళ్లికూతురి ఎర్రచీర గులాబీ రంగుకు దిగింది.

తమ్ముడు ఆ ప్రింట్లు చాలాసేపు చూశాడు. తర్వాత ల్యాప్‌టాప్ తెరిచి, నన్ను పక్కన కూర్చుని చూడమన్నాడు.

"పెళ్లిపిల్ల మొకం ఎట్లున్నదక్కా?"

"తెల్లగ పాలిపోయింది."

"నాకు మంచిగనే కనబడ్తుంది. ఇగ నా పక్కకు పండి చూడు."

నేను వాడి పక్కన ఒదిగి, వాడి దిండు మీదే గడ్డం ఆనించాను. అదే ఫొటో. కానీ తెర మీద నీడ కమ్మినట్టై, పాలిపోయిన ముఖం మామూలు రంగుకు దిగింది. ఇంకొంచెం తల దించితే నల్లవి తెల్లగా, తెల్లవి నల్లగా తిరగబడ్డాయి. కూర్చున్నవాళ్లు ఎదురుగా చూడటానికి చేసిన తెర అది, ముందుకు వంచితే మీటల మీద చేతులు ఆడవు. కింది నుంచి చూసేవాడికి అంతా చీకటిగా కనిపించింది. ఆ చీకటి పోవాలని వాడు వెలుగు పెంచుతూ పోయాడు.

"దీన్ల తప్పు నాది లేదు అక్కా," అన్నాడు. ఆ మాట అనేటప్పుడు వాడి గొంతు చిన్నపిల్లాడిలా ఉంది.

డబ్బు సంగతి బాపు చూసుకున్నాడు. ల్యాప్‌టాప్ ఎంచుకునే పని నాకు పడింది. వాడు రాలేడు, బాపుకు తెలియదు. దుకాణాలవాళ్లు ఏం చెప్పినా వినొద్దనీ, మూడు ఫొటోలు మాత్రం చూడమనీ తమ్ముడు ఒక సీడీ ఇచ్చాడు. ఒకటి ఎర్ర పట్టుచీర పెళ్లికూతురు. ఒకటి నల్లకోటు పెళ్లికొడుకు. మూడోది బాపుది, కొట్టం ముందు నిలబడి ఉన్నది.

"ఎరుపుల జరీ విడిగ కనబడాలె. కోటు మీద మడతలు కనబడాలె. బాపు రంగు నీకు ఎరికే. మూడూ పండుకోని చూడు," అన్నాడు.

సికింద్రాబాద్‌లో కంప్యూటర్ దుకాణాలన్నీ ఒకేచోట ఉండే కాంప్లెక్స్‌కు ఆదివారం వెళ్లాను. మొదటి రెండు దుకాణాల్లో నా మాట వినలేదు. మెమరీ ఎంత, స్పీడ్ ఎంత అని చెప్పుకుంటూ పోయారు. మూడో దుకాణంలో ఒక కుర్రసేల్స్‌మన్ సీడీ పెట్టి ఫొటో తెరిచాడు. నేను చీర కుచ్చిళ్లు సర్దుకుని కింద కూర్చున్నాను. గడ్డం బల్ల అంచుకు వచ్చేట్టు వంగి చూశాను.

"మేడమ్, అందరు ర్యామ్ అడుగుతరు. మీరు కింద కూసుంటున్నరేంది?"

పక్కన ఎవరో నవ్వారు. నేను లేవలేదు. నాకు సిగ్గు వేయలేదని కాదు. కానీ నిలబడి చూసి కొంటే అది నాకు పనికొచ్చేది అవుతుంది, వాడికి కాదు.

"మా తమ్ముడు పండుకోని పని చేస్తడు. లేవలేడు," అన్నాను.

ఆ అబ్బాయి ల్యాప్‌టాప్‌ను ఖాళీ అట్టపెట్టె మీద పెట్టి, నేల మీద పేపర్లు పరిచాడు. నేను బోర్లా పడుకున్నాను. ఆదివారం రద్దీలో జనం నన్ను తప్పించుకుని నడుస్తున్నారు. ఒకటి తీస్తే ఇంకొకటి పెట్టాడు. కొన్నిట్లో కోటు బొగ్గుముద్దలా ఉంది. కొన్నిట్లో బాపు ముఖం పసుపు రాసినట్టుంది. చివరికి ఒకటి కొత్తగా వచ్చింది చూపించాడు, అద్దంలా మెరుస్తోంది. జరీ పోగు పోగుకూ వేరుగా కనిపించింది. పడుకున్నా రంగు పెద్దగా మారలేదు. అక్కడే పడుకుని తమ్ముడికి ఫోన్ చేశాను.

"దొరికిందిరా. మస్తుగున్నది. జరీ అంత కనబడ్తుంది."

"కోటు?"

"కోటు తెరిస్తే..." నేను ఆగాను. నల్లటి కోటు మధ్యలో ట్యూబ్‌లైటు, దాని కింద నా ముఖం. "నా మొకం కనబడ్తుందిరా అందుల."

"అయితే వద్దక్కా," అన్నాడు. "పొద్దంత నా మొకం నేను చూస్కుంట కూసోలేను."

నేను ఫోన్ పెట్టేసి అలాగే పేపర్ల మీద తల వాల్చాను. సేల్స్‌మన్ వెళ్లి గ్లాసుతో నీళ్లు తెచ్చాడు. చివరికి లోపలి నుంచి మెరుపు లేని తెర ఉన్నది ఒకటి తీసుకొచ్చాడు. పాత మోడలు, బరువు, చూడటానికి ఏమీ బాగుండదు, ఎవరూ కొనడం లేదన్నాడు. పడుకుని చూశాను. కోటు మడతలు కనిపించాయి. బాపు బాపులాగే ఉన్నాడు. అదే తెచ్చాను.

తర్వాత రోజులు బాగానే గడిచాయి. భాయ్ మనిషి సీడీలు తెచ్చేవాడు, పూర్తయినవి తీసుకెళ్లేవాడు. తమ్ముడు నవ్వడం మొదలుపెట్టాడు. గల్లీలో ఎవరైనా చనిపోతే, పటం కట్టించడానికి చిన్న పాస్‌పోర్ట్ ఫొటో పట్టుకుని మా ఇంటికే వచ్చేవాళ్లు. పెళ్లి ఆల్బమ్‌ల గురించి వాడికి ఒకటే కష్టం. ప్రతివాళ్లూ పెళ్లికూతుర్ని తెల్లగా చెయ్యమనేవారు. "ఎవ్వల రంగు వాళ్లకు వద్దంటరు, గిదేం లొల్లి," అని విసుక్కుంటూనే చేసేవాడు.

ఒకరోజు స్కూలు నుంచి వచ్చేసరికి వాడు ల్యాప్‌టాప్ ముందు ఏమీ చెయ్యకుండా ఉన్నాడు. తెర మీద పెళ్లికూతురు. తలంబ్రాల పళ్లెం ముందు కిందకు చూస్తోంది. నాకు గుర్తుపట్టడానికి కొంచెం టైం పట్టింది. గుడిమల్కాపూర్ అమ్మాయి.

భాయ్‌కి తెలియదు. తమ్ముడికి పెళ్లి ఖాయమైన సంగతి తెలుసు గానీ, పిల్లను ఆయన ఎప్పుడూ చూడలేదు.

"వాపస్ పంపుదాం. నేను పోయి చెప్త," అన్నాను.

"వద్దు."

"నీకెందుకురా ఈ బాధ?"

"వేరేటోల్లు చేస్తె తెల్లగ చేస్తరక్కా. ఆ పిల్ల రంగు ఖరాబ్ చేస్తరు."

మామూలుగా చేసేదానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ టైం తీసుకున్నాడు. చీరలో ఎరుపు, దండలో మల్లెల తెలుపు, వాళ్ల నాన్న కండువా అంచు, అన్నీ ఒక్కొక్కటిగా సరిచేశాడు. పెళ్లికొడుకుని కూడా అంతే శ్రద్ధగా చేశాడు. అది నేను చూడలేక వంటగదిలోకి వెళ్లిపోయేదాన్ని. ఆల్బమ్ చూసి భాయ్ ఫోన్ చేశాడు. పెళ్లికొడుకు తరఫువాళ్లు పిల్లను తెల్లగా చెయ్యమన్నారని గుర్తుచేశాడు.

"భాయ్, ఇది ఒక్కటి గిట్లనే ఉండనియ్యి. మల్ల ఎన్నడు అడగను," అన్నాడు తమ్ముడు.

కొన్నాళ్లకు భాయ్ వచ్చినప్పుడు చెప్పాడు. పెళ్లికొడుకువాళ్లు స్టూడియోలో గొడవ పెట్టారట, మళ్లీ చెయ్యమని. పెళ్లికూతురు కూడా వచ్చిందట. ఆల్బమ్ మొత్తం తిప్పి, "నేను గిట్లనే ఉంట. గిట్లనే ఉండనియ్యిర్రి," అందట. ఎవరు చేశారో ఆమె అడగలేదు, ఆయన చెప్పలేదు. ఆ సాయంత్రం నేను తమ్ముడికి పక్క మార్చబోతే, "కాసేపు ఉండనియ్ అక్కా," అన్నాడు. వాడి వీపు కదులుతోంది. నేను పక్కనే కూర్చుని ఉండిపోయాను.

మరుసటి వానాకాలంలో వాడికి జ్వరం వచ్చింది. మూత్రపిండాలకు పాకిందన్నారు. ఆస్పత్రికి తీసుకెళ్లాం. ఇలాంటి జ్వరాలు అంతకుముందు కూడా వచ్చి పోయాయి కాబట్టి ఇదీ పోతుందనుకున్నాం. మూడో రోజుకు మాట తడబడింది. బాపు వాడి అరికాళ్లు రుద్దుతూనే ఉన్నాడు, వాడికి తెలియదని తెలిసి కూడా. తెల్లవారేముందు తమ్ముడు పోయాడు.

దినాలు అయ్యాక భాయ్ వచ్చాడు. సగంలో ఉన్న పనులు సీడీలోకి ఎక్కించుకున్నాడు. "ల్యాప్‌టాప్ మీ దగ్గర్నే ఉండనియ్యి బేటీ," అని నాతో అని, బాపు పక్కన చాలాసేపు కూర్చుని వెళ్లాడు.

ఆయన వెళ్లాక బాపు నన్ను పిలిచాడు.

"బిడ్డా, గా ల్యాప్‌టాప్ తెరువు. వాడు అందుల ఏం జేసేటోడో నేను ఎన్నడూ చూడలే."

నాకు దాని మీద పని చెయ్యడం రాదు. ఒక ఫొటో తర్వాత ఇంకో ఫొటో తిప్పడం మాత్రం వచ్చు. మంచం మీద పెట్టి, ఇద్దరం కింద కూర్చున్నాం. ఎవరెవరివో పెళ్లిళ్లు. అప్పగింతల్లో ఏడుస్తున్నవాళ్లు, బువ్వంబంతిలో నవ్వుతున్నవాళ్లు, నిద్రపోతున్న పిల్లలు, మాకు తెలియని ఎన్నో ముఖాలు. బాపు ప్రతి ఒక్కటీ కళ్లు చికిలించి చూశాడు.

"ఇది గూడ వాడే చేసిండా?"

"వాడే చేసిండు బాపు."

"ఇది?"

ఏది వాడు దిద్దిందో, ఏది ఇంకా ముట్టుకోనిదో నాకు తెలియదు.

"అన్నీ వాడే చేసిండు."

పాల వేళ అయింది. గేటు దగ్గర గిన్నెలు పట్టుకుని మనుషులు వచ్చి నిలబడ్డారు. కొట్టంలో బర్రెలు అరుస్తున్నాయి. బాపు లేవలేదు, ఇంకొకటి తిప్పమన్నట్టు తెర వైపే చూస్తున్నాడు. ఏ మీట నొక్కాలో ఆయన వేలు పట్టుకుని చూపించి, బకెట్టు తీసుకుని నేనే పాలు పిండటానికి వెళ్లాను.