పలివెలకు వచ్చిన జలాంతర్గామి కథ

ఎనభైల చివర్లో మావయ్య రాసిన ఒక కార్డుతో ఈ ప్రయాణం మొదలైంది. "మొరితా వస్తున్నాడు. నాకు మోకాలు నొప్పి. రాజమండ్రి స్టేషన్‌కి నువ్వెళ్ళి పలివెల తీసుకురా." సరుకు ఓడల్లో ఇంజన్ పని చేసిన మావయ్యకి, డెబ్బైల మొదట్లో జపాన్‌లోని కోబే రేవులో దొరికిన స్నేహితుడు మొరితా. అక్కడే కడుతున్న ఒక జలాంతర్గామికి అతను ఇంజన్ నావికుడు. ఏళ్ళ తరబడి ఉత్తరాలు రాసి, చివరి రెండేళ్ళూ మానేశాడు. మావయ్య అలిగాడు. ఉన్నాడో లేడోనని బెంగపడ్డాడు కూడా.

స్టేషన్లో మొరితాని కలుసుకుని, పొద్దున్న ఎనిమిదింటికి రాజమండ్రిలో ప్రైవేటు బస్సెక్కాం. టికెట్టు అయిదు రూపాయల లోపే. మొరితా డ్రైవరు పక్కన ఇంజన్ పెట్టె మీద చెయ్యేసి వింటూ కూర్చున్నాడు.

"కాలుద్దండీ, చెయ్యి తీసెయ్యండి!" అన్నాడు డ్రైవరు.

ఒక వాల్వు వదులుగా ఉందని మొరితా ఇంగ్లీషులో అంటే, నేను తెలుగులో చెప్పాను.

"ఆయ్! మా ఓనరుగారికి నెల్రోజుల్నించీ అదే చెప్తున్నానండీ!"

రావులపాలెం మీదుగా పదింటికి కొత్తపేటలో దిగి, రిక్షాలో అరగంటకి పలివెల చేరాం. మావయ్య గుమ్మంలోనే ఉన్నాడు. కౌగిలించుకోలేదు. "రెండేళ్ళయ్యిందండీ," అన్నాడు, ముఖం పక్కకి తిప్పుకుని.

మొరితా సంచిలోంచి ఒక కట్ట తీశాడు. అన్నీ రాసి పోస్టు చెయ్యని ఉత్తరాలే. "మా జలాంతర్గామిని సర్వీసులోంచి తీసేస్తారని తెలిసింది. రాస్తే అదే రాయాలి. పంపలేకపోయాను," అన్నాడు.

 మావయ్య అతని చెయ్యి పట్టుకున్నాడు. "నా ఓడ చివరిసారి దిగాక నేనూ నాలుగు రోజులు అన్నం తినలేదండీ."

అత్తయ్య ముగ్గుపిండి తెచ్చిచ్చింది. మొరితా అరుగు మీద జలాంతర్గామి గీశాడు. నీటిపైన డీజిల్ ఇంజన్లు బ్యాటరీలు నింపుతాయి, మునిగాక ఆ కరెంటుతోనే నడక. చప్పుడు కాకూడదని చెప్పుల్లేకుండా తిరిగేవారట. మునిగి ఉండగానే అతనికి కూతురు పుట్టింది, ఒడ్డుకొచ్చేదాకా తెలియలేదు. ముసలిదయ్యాక పడవ కొత్త కుర్రాళ్ళకి బడి అయింది. చివరి రోజు జెండా దించాక, అందరికంటే ఆఖరున దిగింది ఇతనే.

"మరి కోబేలో నేనిచ్చిన ఆవకాయ ఏం చేశారండీ?" అన్నాడు మావయ్య.

"మునిగి ఉండగా మూత తియ్యకూడదని కెప్టెన్ ఆజ్ఞ! ఒక్కసారి తీస్తే ఆ వాసన వారం దాకా పోలేదు."

అత్తయ్య పగలబడి నవ్వింది. "ఇక్కడ ఆకాశమంతా తెరిచే ఉందండీ, అన్నయ్యగారూ. తినండి!" అంటూ ఆవకాయన్నం ముద్దలు కలిపి పెట్టింది. కళ్ళల్లోంచి నీళ్ళు కారుతున్నా మొరితా మూడోసారి వడ్డించుకున్నాడు.

యుద్ధం కోసం కట్టిన ఆ పడవ ఎవరి మీదా ఒక్క టార్పెడో కూడా వదలకుండానే సర్వీసు ముగించింది. తన జీవితంలో అన్నిటికంటే గర్వంగా మొరితా చెప్పిన మాట అదే. చరిత్రల్లో ఇలాంటివాటికి రెండు వాక్యాలు కూడా దక్కవు. నాకు మాత్రం ఆ మధ్యాహ్నమంతా విన్నా తనివి తీరలేదు.

మీరూ అటు వెళ్తుంటే ఒక్క మాట: పొద్దున్నే బయల్దేరండి, దారిలో టిఫిన్ మాత్రం చెయ్యకండి. పలివెలలో తినకుండా ఎవరూ వదిలిపెట్టరు.