తాక్ బాబాయి భాషలో వస్తువులు చెడిపోవు

తాక్ గిబోంగ్ బాబాయి భాషలో వస్తువులు చెడిపోవు, చచ్చిపోతాయి. గొడుగు ఊచ విరిగితే గొడుగు చచ్చిపోయింది. గడియారం ఆగితే గడియారం చచ్చిపోయింది. అది మళ్ళీ పనిచేసిందా, "హమ్మయ్య, బతికింది!" అని పొట్ట అడుగునుంచి ఒక నిట్టూర్పు వదులుతాడు. ఆ గాలికి నా కౌంటరు మీది కాగితాలు లేస్తాయి.

మొక్‌పో రేవుకి దిగే మా వీధిలో ఆయనది లాండ్రీ. దానికెదురుగా కిందటేడు నేను వేప్ కొట్టు పెట్టాను. సిగరెట్టు మానాలని ఉండీ మానలేక కొట్టుకునేవాళ్ళు నా దగ్గరికి వస్తారు. నిప్పు లేకుండా, పళ్ళ వాసన కలిపిన ద్రవాన్ని ఆవిరిచేసి పీల్చే మిషన్లు వాళ్ళకి అమ్ముతాను. అమ్మేవాణ్ణి నేనే చెబుతున్నాను, అదేమీ అమృతం కాదు. అదీ ఒకనాటికి మానాల్సిందే.

ఒక రోజు తాక్ బాబాయి వీధి దాటి వచ్చి, ట్యాంకూ బ్యాటరీ ఉన్న పెద్ద మిషనే ఇమ్మన్నాడు.

"మీకీ అలవాటుందా బాబాయ్?"

"అవన్నీ నీకెందుకురా? పాపకి వందో రోజు పండగొస్తోంది. ఆలోపు సిగరెట్టు వాసన వదలాలి. లేకపోతే మనవరాల్ని ఎత్తుకోనివ్వదంట దాని తల్లి."

ఆయనకి సియోల్‌లో కొడుకున్నాడని తెలుసు. పిల్ల పుట్టిందేమో అనుకున్నాను. ఎలా వాడాలో చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆవిరి గురించి నాకు చెప్తావా? ముప్ఫయ్యేళ్ళుగా ఇస్త్రీపెట్టె ఆవిర్లో బతుకుతున్నా!"

మర్నాడు పొద్దున నేను షట్టరు ఎత్తుతున్నానో లేదో, వీధి అవతలినుంచి కేక.

"చచ్చిపోయిందిరోయ్!"

పక్కనే సముద్రపు నాచులో అన్నం చుట్టి అమ్మే గింబాప్ కొట్టు నడిపే ఓక్‌బున్ అత్త చేతిలో కత్తితోనే పరుగెత్తుకొచ్చింది. "ఎవరు? ఎవరు పోయారు?"

ఎవరూ పోలేదు. మిషను వెలగలేదు. బటన్ ఒక్కసారి నొక్కి, అది వెలుగుతుందని మర్యాదగా కూర్చున్నారట.

"ఐదుసార్లు టకటకా నొక్కాలి బాబాయ్. జేబులో పొరపాటున వెలక్కుండా అలా పెట్టారు."

"ఐదుసార్లా? అప్పులవాడు కూడా తలుపు మూడుసార్లే కొడతాడు కదరా!"

నొక్కాను. వెలిగింది. "హమ్మయ్య, బతికింది!" నా కాగితాలు లేచాయి.

"ఒకసారి పీల్చి చూడండి."

"ఇప్పుడే కాఫీ తాగాను. నువ్వు పీల్చు."

ఇక్కడే నాకు ఇబ్బంది. పెద్దవాళ్ళ ఎదుట పొగ వదలడం మా దగ్గర ఎంత తప్పో వేరే చెప్పక్కర్లేదు. కొట్టు నాదే, మిషను అమ్మింది నేనే, అయినా గోడవైపు తిరిగి, దొంగలా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని పీల్చాను. ఆయన మాత్రం వెనకనుంచి "ఏం, గొంతులో మంటగా ఉందా? తియ్యగా ఉందా? దగ్గొస్తోందా?" అని ప్లీడరులా అడుగుతూనే ఉన్నాడు. నేను చెప్పిన జవాబులన్నీ పెదాలు కదుపుతూ బట్టీ పట్టాడు.

తరవాత చావు మాడువాసనతో వచ్చింది. "గడ్డి తగలబెట్టి నోట్లో పెట్టినట్టుంది!" అన్నాడు. లోపల వేడెక్కే తీగచుట్ట, అదే కాయిల్, కొత్తది బిగించి, ద్రవం పోసీపొయ్యగానే పీల్చేశారన్నమాట. కాయిల్‌లో ఉన్న దూదిని ముందు ద్రవంలో బాగా నాననివ్వాలని, కాసేపు దాని మానాన దాన్ని వదిలెయ్యాలని చెప్పాను.

"అంటే చొక్కామీద నీళ్ళు చల్లకుండా ఇస్త్రీ చేశామన్నమాట."

"అంతే."

"ఆ మాట ముందే చెప్పొచ్చుగా!"

"మీరు చెప్పనిస్తేగా!"

ఆ తరవాత అడుగునుంచి కారి చచ్చిపోయింది. ద్రవం పొయ్యడానికి పక్కన కన్నం ఉంటే, నడుమనున్న గొట్టంలో పోశారు. ఇంకోసారి మంట ఎక్కువై చచ్చిపోయింది. ఎక్కువైతే ఎక్కువ మేలనుకుని వేడి అంకెని చివరిదాకా పెంచేశారు. ఇల్లంతా పొగమంచు, మనిషేమో దగ్గుతూ వసారాలో కూలబడ్డాడట.

"పట్టుబట్టకీ దుప్పటికీ ఒకే వేడి పెడతారా బాబాయ్?"

"పెడితే నా కొట్టు ఉంటుందా?"

"ఇదీ అంతే. ఈ కాయిల్ పట్టుబట్ట అనుకోండి. సన్నటి వేడి చాలు."

ఆయన మొహం వెలిగిపోయింది. మిషను పట్టుకుని లాండ్రీకి కాకుండా కొండ మీదికి వెళ్ళే సందులోకి పరుగులాంటి నడకతో వెళ్ళాడు. అక్కడ ఈయనకేం పని అని కూడా నాకు తోచలేదు.

వీధికి మాత్రం వినోదం దొరికింది. బాబాయి కనిపిస్తే చాలు, ఓక్‌బున్ అత్త గింబాప్ చుడుతూనే "ఇవాళ ఎవరు పోయారండీ?" అని అడిగేది. "చొక్కా మడత వెంట్రుకవాసి తప్పని మనిషికి అరచేతిలో పట్టే మిషను చేతకాలేదు చూశారా?" అని వచ్చేపోయేవాళ్ళకి చెప్పేది. "నా చేతులు అంతేలే, ఇస్త్రీపెట్టె తప్ప ఇంకేదీ వాటి మాట వినదు" అని ఆయనా నవ్వేవాడు. నేనూ తక్కువ తినలేదు. కొత్తగా కొనేవాళ్ళకి ఎలా వాడకూడదో చెప్పడానికి ఆయన కథలే వాడుకున్నాను.

పండగ ముందురోజు కేక వినపడలేదు. తాక్ బాబాయి చప్పుడు లేకుండా లోపలికొచ్చి, మిషనుని తువ్వాల్లోంచి తీసి కౌంటరు మీద పెట్టాడు. దాని కింద నీళ్ళు మడుగు కట్టాయి.

"ఈసారి నిజంగానే పోయిందిరా."

"ఏం చేశారు?"

"కోటుతోపాటు ఉతికేశాను."

నాకు నవ్వాగలేదు. జనం జేబుల్లో మర్చిపోయిన బస్సు కార్డులు, పుల్లలు, చాక్లెట్ కాగితాలు కూడా తీసి కవర్లో పెట్టి తిరిగిచ్చే మనిషి ఈయన.

"జేబులు చూసుకోలేదా?"

"అన్నీ చూశాను. లోపలి అస్తరులో దొంగ జేబు కుట్టుకున్నాడని నాకేం తెలుసు?"

నవ్వు ఆగిపోయింది. "కుట్టుకున్నాడా? ఎవరు? అది మీ కోటు కాదా?"

తాక్ బాబాయి గోడకేసి చూశాడు. కప్పుకేసి చూశాడు. చివరికి వీధికేసి చూశాడు. నేనూ అటే చూశాను. కమలాపళ్ళ బండి చాటున, అంత చలిలో కోటు లేకుండా, చేతులు చంకల్లో పెట్టుకుని ఒక ముసలాయన వణుకుతున్నాడు. ఆయన్ని చూడగానే నా చేతులు వాటంతటవే వెనక్కి వెళ్ళి దాక్కున్నాయి.

ప్యో మాస్టారు! మా బడిలో క్రమశిక్షణ చూసినాయన. రోజూ పొద్దున్నే గేటు దగ్గర నిలబడి "చేతులు చాపు!" అని, సిగరెట్టు వాసనేమైనా ఉందేమోనని ఒక్కొక్క వేలూ మూచూసి లోపలికి పంపినాయన.

"మనవరాలు ఆయనకి" అన్నాడు బాబాయి. "ఆ అలవాటు ఎప్పట్నుంచో ఉంది, పాపం ఇంట్లోవాళ్ళకి తప్ప ఎవరికీ తెలీదు. పాప పుట్టాక రోజూ కోటు తెచ్చి వాసన పోయేలా ఉతకమంటాడు. కోటునైతే ఉతగ్గలను మాస్టారూ, మిమ్మల్ని ఉతకలేను కదా అన్నాను. అప్పుడు కదిలాడు. కానీ నీ కొట్టుకి ఎలా వస్తాడు? తను వేళ్ళు మూచూసిన పిల్లాడి ముందు చేతకాక నిలబడటం ఆయన వల్ల అవుతుందా?"

"రేవు దగ్గర ఇంకో కొట్టుందిగా?"

"వాడూ ఆయన శిష్యుడే. ఊళ్ళో ఈ కొట్లు పెట్టినవాళ్ళంతా ఆ గేటు దగ్గర పట్టుబడ్డవాళ్ళేనంట!"

ఇన్నాళ్ళూ ఈయన ఒక్కసారైనా నా ముందు పీల్చలేదన్న సంగతీ, కొండ మీది సందులోకి ఎవరింటికి పరుగెత్తాడన్నదీ అప్పుడు తోచాయి. అసలు లాండ్రీ మనిషి సిగరెట్టు తాగితే ఊరు ఆయనకి బట్టలిస్తుందా? ఆ మాత్రం ఆలోచన రాలేదు నాకు. వీధంతా నవ్విన ఆ నవ్వులన్నీ ఈయన నెత్తిన వేసుకున్నాడు, మాస్టారి మీద ఒక్కటీ పడనివ్వలేదు. ఆయన మీద నాకు ప్రేమ పొంగుకొచ్చింది.

"తడిసిన బ్యాటరీ ప్రమాదం, దీన్నిక ముట్టుకోవద్దు. కొత్తది నేనిస్తాను. కానీ ఈసారి ఆయనే రావాలి."

"రాడురా. ఇప్పటికే పొద్దున్నుంచి ఓపిక పట్టి ఉన్నాడు. ఇంకో గంటైతే సిగరెట్టు కొనేస్తాడు. రేపు పాప..."

నేనే బయటికి వెళ్ళాను. బండి దగ్గరికెళ్ళి, రెండు చేతులూ చాపాను. మాస్టారు అలవాటుకొద్దీ ముందుకి వంగి మూచూశాడు. చూశాక గానీ ఏం చేశాడో ఆయనకి తెలియలేదు.

"స్ట్రాబెర్రీ వాసనేంట్రా?" అన్నాడు.

"లోపలికి రండి మాస్టారూ, చెప్తాను. ఇక్కడ చలి."

వచ్చాడు. బటన్ ఐదుసార్లు తనే నొక్కాడు. దూది నానేదాకా బుద్ధిగా కూర్చున్నాడు. పీల్చే సమయానికి పెద్ద చిక్కొచ్చింది. మాస్టారి ముందు నేను పీల్చి చూపించకూడదు, శిష్యుడి ముందు ఆయన పీల్చలేడు. నేను తూర్పు గోడకి తిరిగాను, ఆయన పడమటి గోడకి తిరిగాడు. మధ్యలో నిలబడి తాక్ బాబాయి ఇటువాళ్ళ మాట అటూ, అటువాళ్ళ మాట ఇటూ అరిచి చెప్పాడు.

"మెల్లిగా పీల్చమంటున్నాడు మాస్టారూ! ఒరేయ్, మంట లేదంటున్నాడు! దగ్గు కూడా లేదు! హమ్మయ్య, బతికింది!"

కాగితాలు లేచాయి. నేను ఏరుకోలేదు.

పండగనాడు మధ్యాహ్నం బాబాయి తెల్లటి బియ్యప్పిండి కేకు ముక్క తెచ్చాడు. ఇంకా పొగలు కక్కుతోంది.

"ఎత్తుకున్నాడా?" అన్నాను, మిగతాదేమీ అడగకుండా.

"గుమ్మంలోనే కూతురు ఆపేసింది. 'నాన్నా, చేతులు చాపు' అంది. పదివేళ్ళూ మూచూసిందిరా! ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు పాపం. అప్పుడు పాపని చేతుల్లో పెట్టింది. ఆ పిల్ల ఊరుకుందా, ఆయన కళ్ళజోడు లాగి కిందపడేసింది."

"అయ్యో, తరవాత?"

"ఏముందీ, కళ్ళజోడు చచ్చిపోయింది!" అన్నాడు, ఇల్లు కట్టినంత సంతోషంగా.

మాస్టారు ఇప్పుడు నా కొట్టుకి సొంతంగానే వస్తున్నాడు. ద్రవంలో నికోటిన్ తగ్గించుకుంటూ వస్తున్నాడు, వచ్చే ఏడు పాప పుట్టినరోజుకి దీన్నీ వదిలేస్తానంటున్నాడు. కానీ మిషను మొరాయించినప్పుడు మాత్రం ఆయనకంటే ముందు తాక్ బాబాయి వీధి దాటుతాడు. ఓక్‌బున్ అత్తకి వినపడేలా గుమ్మంలోంచే "చచ్చిపోయిందిరోయ్! నా చేతులు తగలెయ్య, మళ్ళీ నేనే ఏదో నొక్కేశాను!" అని అరుస్తాడు. వెనకనుంచి మాస్టారు మిషను పట్టుకుని, తలవంచుకుని, మెల్లిగా లోపలికి వస్తాడు.