ఆ వంపులో ఆగే బండ్లు

దయ్యాల మాటెత్తితే నవ్వేవాణ్ని. రామన్నపేటలో మా అమ్మ తాయెత్తు కడితే, బస్సెక్కకముందే తెంపి పారేశాను. ఇప్పుడైనా నమ్ముతున్నానని చెప్పలేను. జరిగింది మాత్రం చెబుతాను.

మేళ్లచెరువు వైపు ఒక సున్నపురాయి గనిలో నా ఉద్యోగం. రాయి మోసే టిప్పర్లన్నిటికీ జీపీఎస్ పెట్టారు. ఏ బండి ఎక్కడుందో, ఎక్కడ ఊరికే నిలబడిందో కంప్యూటర్లో చూసి పైవాళ్లకు చెప్పాలి. డీజిల్ ఖర్చు తగ్గింది, ట్రిప్పులు పెరిగాయి. నాకూ గర్వంగానే ఉండేది.

ఏసోబు అనే డ్రైవర్ బండి మాత్రం ప్రతి ట్రిప్పులోనూ ఒక వంపు దగ్గర ఆగేది. మేనేజర్ పిలిచి అడిగాడు.

"గాడ మా బొందలగడ్డ ఉండె సార్, దాని మీదనే రోడ్డేసిండ్రు. మా అమ్మను గాడనే బొందపెట్టినం. ఇప్పుడు ఆమె మీదికెల్లే బండి తోలాలె గదా. జర ఆగి, తలకాయ వంచి పోత. గంతే."

"రిపోర్టులో కారణం రాసే గడి లేదయ్యా," అన్నాడు మేనేజర్.

ఏసోబు ఆగడం మానలేదు. పనిలోంచి తీసేశారు. అతని బండిని జార్ఖండ్ డ్రైవర్‌కిచ్చారు.

కొన్నాళ్లకు, పట్టపగలు, ఆ బండి మళ్లీ అక్కడే ఆగినట్టు కంప్యూటర్లో కనిపించింది. వెనకొచ్చిన బండీ ఆగింది. తర్వాత అన్నీ. డ్రైవర్లేమో ఆగలేదని ఒట్టేశారు. ఆ జాగా సంగతి వాళ్లకు తెలియనే తెలియదు.

నేనే ఒక బండెక్కి వెళ్లాను. డ్రైవర్ బ్రేకు మీద కాలు కూడా పెట్టలేదు. తిరిగొచ్చి చూస్తే మా బండి వంపులో ఆగినట్టే ఉంది. ఏసోబు ఆగినంత సేపే.

జీపీఎస్ పెట్టెలు మార్చారు. హైదరాబాద్ నుంచి ఇంజనీర్లొచ్చి సిగ్నల్ లోపమన్నారు. మరి ఏసోబు ఉన్నన్నాళ్లూ మిగతా బండ్లు ఎందుకు ఆగలేదని అడిగితే కారెక్కి వెళ్లిపోయారు.

చివరికి ఆ వంపులో ఆగితే లెక్కలోకి రాకుండా సాఫ్ట్‌వేర్ మార్చారు. ఇప్పుడక్కడ ఎంతసేపు ఆగినా తప్పు కాదు. ఏసోబును మాత్రం మళ్లీ పిలవలేదు.

మొన్న హుజూర్‌నగర్‌లో కూలీల అడ్డా మీద కనిపించాడు. ఉండబట్టలేక అంతా చెప్పాను.

"బండ్లు ఆగుతున్నయంటవు. లోపల నేను లేనని మా అమ్మకు తెల్వదా తమ్మీ?"

ఆ బండ్లు ఎందుకు ఆగుతున్నాయో ఇప్పటికీ తెలియదు. ఈరోజు కూడా అన్నీ ఆగాయి.