బాలస్వామి సంజాయిషీ

ఎర్రగుంట్లకు రైలు ఎప్పుడొచ్చిందో, సిమెంటు ఎప్పుడొచ్చిందో అడిగితే చెప్పేవాళ్లు దొరుకుతారు. బాలస్వామి ప్రతిదీ విడమరచి చెప్పడం ఎప్పుడు మొదలుపెట్టాడో చెప్పగలవాళ్లు మాత్రం లేరు. శాసనం లేదు, గెజిట్ లేదు. పెళ్లైన మూడో రోజే, కుండలో నీళ్లు ఎందుకు చల్లబడతాయో చెప్పడానికి కూర్చున్నాడని భార్య కృష్ణవేణమ్మ అనేది. చెప్పి ముగించేసరికి కుండ ఖాళీ అయిందట. దొరికే ఆధారం అదొక్కటే. ఆ ఆధారం కూడా నాలుగేళ్ల కిందట కన్నుమూసింది.

బాలస్వామిది ఎర్రజెండా ఉద్యోగం. ఊరి బయట ఒక సిమెంటు ఫ్యాక్టరీకి సున్నపురాయి గని ఉంది. మధ్యాహ్నం రెండింటికి అందులో మందు పెట్టి పేలుస్తారు. రాళ్లు రోడ్డు మీదికి ఎగిరి రావచ్చు కాబట్టి, మొదటి సైరను కూయగానే ఆయన జెండా పట్టుకుని బండ్లను ఆపాలి. పేలుడయ్యాక మూడో సైరను కూస్తే వదలాలి. మొత్తం పదిహేను నిమిషాలు. ఇందులో నోరు తెరవాలని నిబంధనల్లో ఎక్కడా లేదు.

కానీ మనిషిని ఆపి, ఎందుకు ఆపామో చెప్పకపోవడం బాలస్వామి దృష్టిలో దౌర్జన్యం. ఒకప్పుడు డ్రైవర్లు దిగి, బీడీ ముట్టించి, వినేవాళ్లు. సగం విని వెళ్లిపోయినా సగమైతే వినేవాళ్లు. ఇప్పుడు ఏసీ క్యాబిన్లు వచ్చాయి. అద్దాలు ఎక్కి ఉంటాయి, డ్రైవరు ఫోన్లో ఉంటాడు. బాలస్వామి అద్దానికి చెప్పి చూశాడు. అందులో ఆయన ముఖమే కనబడింది.

ఇంట్లో ఇంకా కష్టం. కృష్ణవేణమ్మ శనక్కాయలు ఒలుస్తూ మాట మాటకూ "ఊ" అనేది. కునుకు పట్టినా ఊకొట్టడం ఆపేది కాదు. ఇప్పుడు కుక్కరు మూత పెడుతూ "ఈ విజిలు యాల వస్తాదంటే..." అని మొదలుపెట్టి ఆగిపోతాడు. కాసేపటికి కుక్కరే కూస్తుంది.

పోయిన ఫిబ్రవరిలో ఒక మంగళవారం, కోయిలకుంట్ల నుంచి శనగల లోడుతో ఒక లారీ వచ్చి ఆగింది. డ్రైవరు పేరు లేవి. ఆ దారికి కొత్త. పైగా అతని లారీ అద్దం చెడిపోయి, పైకి ఎక్కడం మానేసింది.

"ఏమప్పా, యాల నిలిపినావు?" అన్నాడు లేవి.

ఆ ప్రశ్న విని ఎన్నేళ్లయిందో. బాలస్వామి జెండాను చేయి మార్చుకున్నాడు.

"చెప్తా. ముందు రాయి అంటే ఏందో తెలియాల."

"రాయంటే రాయే గదప్పా!"

"అందరూ అట్లే అనుకుంటారు. ఒకప్పుడు ఈడంతా సముద్రం ఉండె."

"ఈడనా? తాగేదానికే నీళ్లు లేకపాయె, సముద్రమంట!"

"అదే చెప్తాండా, విను."

"ఊ," అన్నాడు లేవి.

సముద్రం ఎండింది, రాయి గట్టిపడింది, రాయికి బెజ్జం పడింది. ఈలోగా గనిలో పేలుడయింది, దుమ్ము లేచింది, మూడో సైరను కూసింది. బాలస్వామి అప్పటికి బెజ్జంలో మందు కూరడం దగ్గరున్నాడు. ఎదుటి మనిషి ఊకొడుతూ ఉండగా నడిమధ్యలో వదిలేయడం మర్యాద తెలిసినవాళ్లు చేసే పని కాదు. "అందుకని నిలిపినానప్పా" అనే చివరి వాక్యం చేరేసరికి మరో పదకొండు నిమిషాలయ్యాయి. జెండా అట్లాగే ఉంది. వెనక పంతొమ్మిది లారీలు హారన్లు కొడుతున్నాయి. వాటి మధ్యలో ఫ్యాక్టరీ మేనేజరుగారి కారు ఉంది.

మరునాడు కాగితం వచ్చింది. అకారణంగా రోడ్డును నిలిపినందుకు, మూడు రోజుల్లోగా లిఖితపూర్వకంగా సంజాయిషీ ఇచ్చుకోవలెను.

సంజాయిషీ అనేది ఉర్దూ కచేరీల నుంచి మన ఆఫీసుల్లోకి వచ్చి, వెనక్కి పోకుండా ఉండిపోయిన మాట. ఉత్త చెప్పడానికి నోరుంటే చాలు. సంజాయిషీకి కాగితం, సంతకం, గడువు కావాలి. అది పైనుంచి కిందికి రావడం ఎవరూ చూడలేదు, ఎప్పుడూ కిందినుంచి పైకే పోతుంది. ఇచ్చుకునేవాడు నిలబడి ఉంటాడు, పుచ్చుకునేవాడు కూర్చుని ఉంటాడు. ఇదంతా బాలస్వామికి తెలుసు. ఉద్యోగం పోవచ్చనీ తెలుసు. అయినా కాగితాన్ని నాలుగుసార్లు చదివి, మడిచి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఎందుకు చేశావో చెప్పమని ఒక ఫ్యాక్టరీ ఫ్యాక్టరీయే ఆయన్ను అడిగింది.

గేటు వాచ్‌మన్ శేషన్న సలహా ఇచ్చాడు. "తప్పయింది, ఇంగ చెయ్యనని రెండు ముక్కలు రాసి పారేయప్పా."

"అది క్షమాపణ శేషన్నా. వాళ్లు అడిగింది సంజాయిషీ."

"నీకు సంబరంగా ఉండాదే?"

బాలస్వామి జవాబు చెప్పలేదు. ఆయన జీవితంలో ఒక ప్రశ్నకు జవాబు చెప్పకపోవడం అదే మొదలు.

రెండు రోజులు సెలవు పెట్టి రాశాడు. పదహారు పేజీలయింది. సముద్రంతో మొదలుపెట్టి, రాయి, బెజ్జం, మందు, సైరను, లేవి లారీ అద్దం, అన్నీ వరసగా పెట్టాడు. పద్నాలుగో పేజీలో కృష్ణవేణమ్మ వచ్చింది. కొట్టేయాలనుకున్నాడు కానీ, ఆమె లేకపోతే పదకొండు నిమిషాల సంగతి అర్థం కాదని ఉంచేశాడు.

మూడో రోజు మధ్యాహ్నం ఆఫీసులో ఇచ్చాడు. తీసుకున్నది గుమాస్తా శిల్ప. కాగితాలు తిరగేసింది.

"ఇన్ని పేజీలా పెద్దాయనా! ప్రతి పేరా కింద ఒక లైను ఖాళీగా వదిలినారే, ఎందుకు?"

"చదివేటోళ్లు ఊ అనుకునేదానికి తల్లీ."

ఆ పిల్ల నవ్వలేదు. మొదటి పేజీ సగం చదివింది. ఫోను మోగింది. మాట్లాడి వచ్చి, పదహారు కాగితాలకూ పిన్ను కొట్టి, రిజిస్టరులో 'సంజాయిషీ అందినది' అని రాసి, ముద్ర వేసింది.

"సారు చదివి నన్ను పిలుస్తాడా తల్లీ? ఏమన్నా అనుమానాలుంటే చెప్తా."

"పిలవరు పెద్దాయనా. ఇచ్చినారంటే అయిపోయినట్టే. ఉద్యోగానికేం కాదు, రేపట్నుంచి డ్యూటీకి పోండి."

ఆయన దండం పెట్టి బయటికి వచ్చాడు. వరండాలో బెంచీ ఖాళీగా ఉంది. ఎందుకైనా మంచిదని, లోపలి తలుపు కనబడేట్టు కూర్చున్నాడు.

ఆఫీసు ఐదున్నరకు మూసేస్తారు.